మనిషికి బీమా ఉంది, మడికి లేదు

మా పెద్దనాయిన వర్ని దిక్కు ఒక ఊళ్లో వరి పండిస్తాడు. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. 2024 మార్చి మూడో వారంలో, నా ఇంటర్ పరీక్షలు అయిపోవచ్చినప్పుడు, ఒక సాయంత్రం రాళ్లవాన పడింది. ఇక్కడ కంఠేశ్వర్‌లో మా ఇంటి రేకులు దడదడలాడుతుంటే నేనూ మా చెల్లె రాళ్లు ఏరి గిన్నెలో వేసి, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాం. గంట తర్వాత పెద్దనాయిన దగ్గర్నుంచి బాపుకు ఫోన్ వచ్చింది. "ఎల్లుండి హార్వెస్టర్ వస్తనన్నడు" అని ఒక్క మాట చెప్పి ఊకున్నాడట. నేను ఆ స్టేటస్ తీసేశాను.

ఆదివారం ఊరికి పోయాం. దూరం నుంచి చూస్తే పొలానికి ఏమీ కాలేదనిపించింది. పచ్చగా, బంగారు రంగులో, అక్కడక్కడ ఒరిగినా మొత్తం మీద నిలబడే ఉంది. దగ్గరికి పోయి ఒక కంకి పట్టుకుంటే చేతిలోకి ఒట్టి ఈనె వచ్చింది. గింజంతా కింద బురదలో ఉంది. పెద్దనాయిన వంగి ఒక పిడికెడు మట్టి తీసి చూపించాడు, అందులో సగం వడ్లే.

నేను ఏదో తెలిసినవాడిలా అన్నాను: "ఇన్సూరెన్స్ ఉంటది కదా పెద్దనాయినా?"

"ఉంది గదరా, రైతు బీమా ఉంది."

ఈ వ్యాసం ఆ జవాబు గురించే. ఎందుకంటే ఆ రోజు నేనూ తలూపాను. ఇంటికి వచ్చి ఫోన్‌లో వెతికితే తెలిసింది, మేమిద్దరం ఒకే తప్పు చేశామని. రైతు బీమా పంటకు కాదు, రైతుకు. 2018 ఆగస్టు 15 నుంచి తెలంగాణలో ఉన్న ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. మంచి పథకమే, కాదనను. మా పెద్దనాయిన ఊళ్లోనే ఆ డబ్బుతో అప్పు తీర్చుకొని నిలబడ్డ ఇల్లు ఒకటి నాకు తెలుసు. కానీ దాన్ని తిప్పి చదవండి. రైతు పోతే 5 లక్షలు, పంట పోతే సున్నా. ఇంకో సంగతి, మా పెద్దనాయినకు అప్పటికే అరవై దాటాయి. అంటే ఆ బీమా కూడా ఆయనకు లేదు. ఆయన నమ్ముకున్న ఒక్క పేరు కూడా వయసు దాటి వెళ్లిపోయింది, ఆయనకు తెలియకుండానే.

మా క్లాసులో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను అడిగి చూశాను. ఎనిమిది మందిలో ఆరుగురు "మాకు పంట బీమా ఉంది" అన్నారు. ఏ పథకం అని అడిగితే ఒకడు రైతు బీమా అన్నాడు, ఒకడు రైతుబంధు అన్నాడు, ఒకమ్మాయి "పోయినసారి ఎకరానికి 10,000 ఇచ్చిండ్రు కదా, అదే" అంది. మూడూ బీమా కాదు. మొదటిది మనిషి ప్రాణానికి, రెండోది పెట్టుబడి సాయం, మూడోది నష్ట పరిహారం. వీటి మధ్య తేడా తెలియకపోవడం మన తప్పు అని నేను అనను. అన్నిటికీ "రైతు" అని ముందు పెట్టి పేర్లు పెడితే ఎవరికైనా కలగాపులగం అవుతుంది.

అసలైన పంట బీమా మనకు ఒకప్పుడు ఉండేది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 వానాకాలం నుంచి మొదలైంది. వానాకాలం పంటకు బీమా మొత్తంలో 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం రైతు కట్టాలి. మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం చెరి సగం. ఎకరం వరికి 40,000 బీమా అనుకుంటే యాసంగిలో రైతు వాటా 600 రూపాయలు. మా పెద్దనాయిన ఒక్క ఎకరానికి కలుపు మందుకు పెట్టే ఖర్చు అంతకంటే ఎక్కువే. 2020లో కేంద్రం నిబంధనలు మార్చి, తన వాటాకు ఒక గరిష్ట పరిమితి పెట్టి, అప్పు తీసుకున్న రైతుకు కూడా బీమాను ఐచ్ఛికం చేసింది. అదే ఏడాది తెలంగాణ బయటికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అప్పుడే వచ్చింది, కానీ 2022లో మళ్లీ చేరింది. మన దగ్గర 2024 మార్చి మొదట్లో, కొత్త ప్రభుత్వం తిరిగి చేరుతున్నట్టు ప్రకటించింది. మూడు వారాలు తిరక్కముందే ఆ రాళ్లవాన. నేనిది రాస్తున్నది 2025 డిసెంబర్‌లో. ఇప్పటిదాకా మా పెద్దనాయిన చేతికి పంట బీమా రసీదు ఒక్కటీ రాలేదు.

"బీమా లేకపోతే ఏంది, సర్కారు పరిహారం ఇస్తది కదా" అని మా సీనియర్ ఒకన్న అన్నాడు. అన్నా, ఆ మాట మీదే నాకు పేచీ. నిజమే, ఇచ్చారు. 2023 మార్చిలో వడగండ్లు పడ్డప్పుడు అప్పటి ముఖ్యమంత్రి ఖమ్మం, వరంగల్ వైపు తిరిగి ఎకరానికి 10,000 ప్రకటించారు. 2024 మార్చి నష్టానికి కొత్త ప్రభుత్వమూ అదే 10,000 ఇచ్చింది. కానీ మధ్యలో లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది. డబ్బు విడుదలకు ఎన్నికల సంఘం అనుమతి కావాల్సి వచ్చింది, చేతికి అందేసరికి మే నెల. రాళ్లవానకు కోడ్ లేదు, పరిహారానికి ఉంది. బీమా క్లెయిమ్ అయితే ఎన్నికల సంఘాన్ని అడగాల్సిన పని లేదు, అది రైతు ముందే కొనుక్కున్న హక్కు. పరిహారం మాత్రం ఇచ్చేవాడి ఇష్టం. ఈసారి ఎకరానికి 10,000, వచ్చేసారి ఎంతో ఎవరికీ తెలియదు. జాబితాలో మన సర్వే నంబర్ ఉందో లేదో తెలియదు, లేకపోతే ఎవరి మీద ఎక్కడ అప్పీలు చేసుకోవాలో అసలే తెలియదు.

కేంద్ర విపత్తు సాయం లెక్క కూడా చూశాను. నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000, అదీ 33 శాతం పైన నష్టం జరిగితేనే, రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి పెట్టి చూస్తే 6,900 కూడా నిండదు. ఆ సీజన్‌లో ఏ-గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,203. అంటే మూడు క్వింటాళ్ల పైసలు. మా పెద్దనాయిన నోట్‌బుక్‌లో, దున్నుడు నుంచి కోత దాకా, ఎకరానికి ముప్పై వేల పైన ఖర్చు రాసి ఉంది. కౌలు పైసలు వేరే. ఆయనకు సొంత పొలం మీద 10,000 చొప్పున వచ్చాయి. కౌలు మూడెకరాల డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. మంచోడే, పెద్దనాయిన ఫోన్ చేస్తే సగం పంపించాడు. మిగతా సగం ఎందుకు పంపలేదు అని నేను అడిగితే పెద్దనాయిన నా వైపు అదోలా చూసి, "వచ్చే ఏడు పొలం కావాల్నా వద్దా" అన్నాడు.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి. పంట బీమా వల్ల కంపెనీలే బాగుపడ్డాయి, రైతుకు వచ్చింది తక్కువ అని వినిపించే విమర్శ గాలి మాట కాదు. ఈ పథకంలో కరువు, తెగులు లాంటి వాటికి నష్టాన్ని ఒక్కో రైతు పొలంలో లెక్కపెట్టరు. ఊరినో, కొన్ని ఊళ్లనో ఒక యూనిట్‌గా తీసుకొని, కొన్ని మడుల్లో పంట కోత ప్రయోగాలు చేసి, సగటు దిగుబడి పాత ఏళ్ల దిగుబడి కంటే ఎంత తగ్గిందో చూస్తారు. ఊరు మొత్తం బాగా పండి నీ ఒక్కడి పొలం పోతే నీకేమీ రాదు. ప్రయోగాల లెక్కలు ఆలస్యమవుతాయి, రాష్ట్రం తన వాటా ఆలస్యంగా కడుతుంది, డబ్బు రెండు సీజన్ల తర్వాత వస్తుంది. ఇవన్నీ నిజాలే. కానీ రాళ్లవాన సంగతి వేరు. వడగండ్లు, పిడుగు మంటలు లాంటి స్థానిక విపత్తులకు ఇదే పథకంలో ఒక్కో పొలాన్ని విడిగా చూసే ఏర్పాటు ఉంది, రైతు 72 గంటల్లోపు ఫోన్‌లోనో యాప్‌లోనో చెప్పుకోవాలి, అంతే. అంటే మా పెద్దనాయినకు జరిగింది ఆ పథకం అన్నిటికంటే బాగా పట్టుకోగలిగిన నష్టం. సరిగ్గా అదే నష్టానికి ఆయన దగ్గర ఆ పథకం లేదు.

మంజీర అవతల చూడండి. బోధన్ నుంచి సాలూర దాకా పోయి బ్రిడ్జి దాటితే మహారాష్ట్ర. ఇటూ అటూ అదే నల్లరేగడి, అదే సోయా, మబ్బు కూడా అదే. 2023 వానాకాలం నుంచి అక్కడి రైతు ఒక్క రూపాయి కట్టి పంట బీమా చేసుకున్నాడు, మిగతాది వాళ్ల ప్రభుత్వం కట్టింది. అది కూడా ఆదర్శమేమీ కాదు. లేని పొలాలకు, పంట వేయని భూములకు దొంగ దరఖాస్తులు కుప్పలుగా వచ్చి, 2025లో ఒక్క రూపాయి పద్ధతిని ఎత్తేసి, మళ్లీ రైతు వాటా పెట్టారు. నాకు దీంట్లో కనిపించేది ఒకటే. ఊరికే ఇస్తే దొంగలు చేరతారు, అసలు లేకపోతే మా పెద్దనాయిన మునుగుతాడు. 600 రూపాయలు కట్టి రసీదు జేబులో పెట్టుకోవడం ఈ రెండిటికీ మధ్యలో ఉన్న పద్ధతి. ఆయన కట్టగలడు, కట్టడానికి సిద్ధం కూడా.

అయితే పథకం ఉన్నదున్నట్టు తిరిగి వస్తే చాలు అని కూడా నేను అనుకోవడం లేదు. మన దగ్గర వరి రైతు పెద్ద నష్టం చాలాసార్లు పొలంలో జరగదు, కోసిన తర్వాత జరుగుతుంది. ఫసల్ బీమాలో కోత తర్వాత 14 రోజుల దాకా రక్షణ ఉంది, కానీ అది పొలంలోనే ఆరబెట్టిన పంటకు. మన దగ్గర హార్వెస్టర్ కోయగానే వడ్లు ట్రాక్టర్‌లో సెంటర్‌కు పోతాయి, లేదా రోడ్డు మీద ఆరతాయి. మాయిశ్చర్ 17 శాతానికి రావాలి, గన్నీ సంచులు రావాలి, హమాలీలు రావాలి, లారీ రావాలి. ఈ లోపల వాన వస్తుంది. మొన్న అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను ఆంధ్రా తీరం దాటితే, మర్నాటికి వాన తెలంగాణ మీద పడింది, వరంగల్ కాలనీలు మునిగాయి, కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు తడిశాయి. పొలంలో లేని, మిల్లుకు చేరని ఆ కుప్ప ఎవరిది? రైతుదే అంటారు, ఎందుకంటే కాంటా కాలేదు. బీమా లెక్కలో మాత్రం అది పంట కాదు, ఎందుకంటే పొలంలో లేదు. టార్పాలిన్ మాత్రమే దానికి పాలసీ. మార్కెట్ యార్డులో పసుపు తడిసినప్పుడు కూడా ఇదే కథ. పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది కాబట్టి, కాంటా కాని పసుపు గురించి వాళ్లయినా ముందు మాట్లాడితే బాగుంటుంది.

వరి మునక కూడా అంతే. 2018లో వరిని ముంపు నష్టం జాబితా నుంచి తీసేశారు, వరి నీళ్లలో బతికే పంట కదా అని. ఈ ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజు లోపల 40 సెంటీమీటర్లు దాటి వాన పడ్డప్పుడు, ఇసుక మేట వేసిన పొలాల ముందు ఆ మాట చెప్పి చూడాలి. 2026 వానాకాలం నుంచి వరి ముంపును మళ్లీ కలుపుతామని కేంద్రం నవంబర్‌లో చెప్పింది. సంతోషం. చేరిన రాష్ట్రాలకు.

ఇక్కడ ఒక చిన్న పక్క మాట. పెద్దనాయిన అంటాడు, "షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు చెరుకే మాకు బీమా" అని. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో లాకౌట్ అయింది. అప్పటిదాకా ఆయన రెండెకరాలు చెరుకు, మిగతాది వరి వేసేవాడు. రాళ్లవానకు చెరుకు ఆకు చీలుతుంది, గడ నిలుస్తుంది, మళ్లీ పచ్చబడుతుంది. వరి మాత్రం కోతకు ముందు వారం దొరికితే అయిపోయినట్టే. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరు ఊరంతా వరి, ఊరు ఊరంతా ఒకే పది రోజుల్లో కోత. ఒక్క సాయంత్రం ఒక్క మబ్బుకు అందరూ దొరికిపోతారు. ఫ్యాక్టరీ గురించి మాట్లాడినప్పుడు ఉద్యోగాల లెక్కే చెప్తారు, ఈ లెక్క ఎవరూ చెప్పరు.

కంప్యూటర్ సైన్స్ వాణ్ణి కాబట్టి నాకు వచ్చిన మొదటి ఆలోచన మీరు ఊహించగలరు. యాప్ చేద్దాం. మా టీమ్ ఫస్టియర్ హ్యాకథాన్‌కు ఇదే ఐడియా రాసుకుంది. మండలాల్లో ప్రభుత్వ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, రాష్ట్రం మొత్తం మీద వెయ్యికి పైనే. గాలి, వాన ఫలానా గీత దాటగానే సర్వేయర్ లేకుండా డబ్బు ఖాతాలో పడాలి. దీన్ని పారామెట్రిక్ బీమా అంటారు, నాగాలాండ్ ప్రభుత్వం ఇలాంటిది కొన్నది కూడా. పీపీటీ బ్రహ్మాండంగా వచ్చింది. పెద్దనాయినకు చూపిస్తే ఒకే ప్రశ్న అడిగాడు: "రాళ్లు ఎట్ల కొలుస్తది?"

కొలవదు. వాన కొలిచే డబ్బాకు రాయి పడిందో నీళ్లు పడ్డాయో తెలియదు. పైగా రాళ్లవాన సన్నటి పట్టీలాగా పోతుంది, మా ఊరి చెరువుకు ఇవతల నాశనం, అవతల చుక్క లేదు. మిషన్ ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే మా ఊళ్లో ఏమీ జరగనట్టే. సరే, శాటిలైట్ పెడదాం అనుకున్నాం. సెంటినెల్ ఫోటోలు ఫ్రీగా దొరుకుతాయి, పది మీటర్ల దాకా కనిపిస్తుంది. కానీ ఆ రోజు పొలం గట్టు మీద నిలబడి నాకే కనిపించలేదు కదా నష్టం! గడ్డి నిలబడే ఉంది, రంగు అదే, గింజ ఒక్కటే కింద ఉంది. పైనుంచి చూసే మోడల్ "పంట బాగుంది" అనే చెప్తుంది, అదీ మంచి కాన్ఫిడెన్స్ స్కోర్‌తో. దిగుబడి అంచనాలో టెక్నాలజీ వాడకం 2023 నుంచి ఫసల్ బీమాలో కూడా మొదలైంది, అది మంచిదే, ఆలస్యం తగ్గుతుంది. కానీ కంకిని చేత్తో పట్టుకొని చూసే మనిషి ఒకడు ఉండాలి. ఏఈఓ గారికి ఐదు వేల ఎకరాలు అప్పజెప్పి, మూడు రోజుల్లో రిపోర్టు అడిగితే ఆయనా గట్టు మీదే నిలబడి రాస్తాడు. ఈ ముక్క రాసినందుకు మా టీమ్ మేట్ అలుగుతాడని తెలుసు, మాకు ఆ హ్యాకథాన్‌లో కన్సొలేషన్ వచ్చింది మరి.

ఇదంతా రైతుల గోల, మనం టౌన్‌లో ఉంటాం అనుకునేవాళ్లకు మా ఇంటి సంగతి చెప్తాను.

బాపుది మోటార్ వైండింగ్ షాపు. పోయిన మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి షాపు మీది రేకులు ఎగిరి పక్క సందులో పడ్డాయి, వెనకాలే వాన. రాగి తీగ, బేరింగులు, అమ్మకానికి తెచ్చిన కొత్త పంపులు, వైండింగ్ కోసం విప్పి పెట్టిన పదకొండు మోటార్లు, అన్నీ నానాయి. బ్యాంకు లోన్ ఉంది కాబట్టి షాపుకు ఇన్సూరెన్స్ ఉంది. ఈసారి నిజంగానే ఉంది. నేను ధీమాగా ఉన్నాను.

పాలసీ కాగితం అప్పుడే మొదటిసారి చూశాం. అప్పటిదాకా అది బ్యాంకు ఫైల్‌లో ఉంది, ఏటా ప్రీమియం మాత్రం మా ఖాతా నుంచి పోతుంది. అందులో సరుకు విలువ 2,50,000 అని ఉంది. ఎందుకంటే లోన్ 2,50,000. బ్యాంకు తన డబ్బుకు బీమా చేసుకుంది, మా సరుకుకు కాదు. షాపులో నిజంగా ఉన్న సరుకు 5 లక్షల పైమాటే. సర్వేయర్ వచ్చి, తడిసిన మా సరుకు నష్టం 64,000 అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక లెక్క వేశాడు: 5 లక్షల సరుకుకు 2,50,000కే బీమా చేశారు, అంటే సగం రిస్క్ మీదే, కాబట్టి ప్రతి నష్టంలోనూ సగం మీదే. 64,000లో సగం 32,000. ఎక్సెస్ అని ఇంకో 5,000 తీసేసి 27,000. బాపు నన్ను అడిగాడు, "నష్టం రెండున్నర లక్షల లోపలే ఉంది గదరా, మరి పూరా ఎందుకియ్యరు?" చాలా న్యాయమైన ప్రశ్న. నేను మొత్తం ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, ఆ క్లాజు నాలుగుసార్లు చదివాను, ఇంగ్లీష్ అర్థమైంది, సంగతి అర్థం కాలేదు. సర్వేయర్ తెలుగులో రెండు నిమిషాల్లో చెప్పాడు.

పదకొండు మోటార్లకు అసలేమీ రాలేదు. అవి మావి కావు, రైతులవి. రిపేరుకు ఇచ్చిన వేరేవాళ్ల వస్తువులు విడిగా రాయించుకుంటేనే వర్తిస్తుందని పాలసీలో ఉంది. రిపేరు షాపుకు బీమా చేస్తూ, రిపేరుకు వచ్చిన వస్తువుల గురించి ఎవరూ అడగలేదు. నాకు కోపం వచ్చింది కంపెనీ మీద కంటే ఆ అడగకపోవడం మీద. బాపు పదకొండూ తన ఖర్చుతో ఆరబెట్టి మళ్లీ వార్నిష్ పోసి ఇచ్చాడు. బోర్లు నడిచే కాలం, వాళ్లకు ఇన్సూరెన్స్ క్లాజు చెప్తే ఏం లాభం?

ఆ 27,000 కూడా ఊరికే రాలేదు. తడిసిపోయిన బిల్లులు తెమ్మన్నారు. బిల్లులు లేవు కాబట్టి ఫైల్ మూసేస్తామన్నట్టు ఒక మెసేజ్ వచ్చింది. అప్పుడు వెతికితే దొరికింది: బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కాగితాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు వచ్చిన వారంలో నిర్ణయం చెప్పాలి. మాకు సర్వేయర్ వచ్చిందే తొమ్మిదో రోజు. ఈ మూడు ముక్కలు పెట్టి, హోల్‌సేల్ షాపు నుంచి తెచ్చిన డూప్లికేట్ బిల్లులు జోడించి మెయిల్ రాశాను. పది రోజులకు డబ్బు పడింది. నేను గొప్పగా రాశానని కాదు. రూల్ నంబర్ వేసి రాసిన మెయిల్‌కూ, "సార్ ప్లీజ్ కొంచెం చూడండి" అనే ఫోన్‌కూ తేడా ఉంటుందని చెప్పడానికి. అక్కడా పని కాకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. కంపెనీ కాదన్నా, నెల రోజులు జవాబు ఇవ్వకపోయినా ఆయనకు రాసుకోవచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఆయన పరిధి. మా లైన్‌లో ఉన్న పదిహేను షాపుల్లో ఈ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మన బైకుల సంగతి కూడా త్వరగా చెప్పేస్తాను. 2018 సెప్టెంబర్ తర్వాత కొన్న కొత్త బండికి ఐదేళ్ల ఇన్సూరెన్స్ వస్తుంది, నిజమే. కానీ ఆ ఐదేళ్లది థర్డ్ పార్టీ. హాస్టల్ ముందు వేపచెట్టు విరిగి మీ బండి మీద పడితే అది పనికిరాదు, దానికి కావాల్సిన సొంత నష్టం కవర్ చాలామందికి మొదటి ఏడాదితోనే అయిపోతుంది. కార్లున్న ఇళ్లవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేసి చూడొద్దు. నీళ్లు ఇంజిన్‌లోకి లాక్కొని పాడైతే, అది వరద నష్టం కాదు, మీరు చేసుకున్న నష్టం అంటారు. ఆగస్టులో కామారెడ్డి జీఆర్ కాలనీలో కార్లు కొట్టుకుపోయిన వీడియోలు మనమందరం ఫార్వర్డ్ చేసుకున్నాం, ఈ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, పాలసీ తెలుగులో ఉండాలి. బ్రోచర్ కాదు, పాలసీ. మినహాయింపులతో సహా, మొదటి పేజీలో. సర్కారు పథకాలకు పేరు పెట్టేటప్పుడు అది దేనికో పేరులోనే తెలియాలి. పంట బీమా తిరిగి రావాలి, కౌలు రైతు పేరుతో, కాంటా అయ్యేదాకా. ఇవి ప్రభుత్వం చేయాల్సినవి, ఎప్పుడు చేస్తారో నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది మా లైన్‌లోని పదిహేను షాపులు. సంక్రాంతి సెలవుల్లో ఒక్కొక్కరి పాలసీ కాగితం బ్యాంకు నుంచి తెప్పించి, సరుకు విలువ ఎంత రాశారో, అడ్రస్ పాతదా కొత్తదా చూడాలనుకుంటున్నాను. ఇద్దరు ముగ్గురు తోడొస్తే రెండు రోజుల పని. రాగలిగినవాళ్లు క్లబ్ గ్రూప్‌లో చెప్పండి.

బాపు పాలసీ నవంబర్‌లో రెన్యువల్ అయింది. సరుకు 5,50,000 అని, రిపేరుకు వచ్చిన మోటార్లు 1,00,000 అని విడిగా రాయించాం. ప్రీమియం పెరిగింది వెయ్యి లోపే.

పెద్దనాయిన నారు పోశాడు. పోయిన వారం ఫోన్ చేసి, "ఆ పంట బీమా ఏమన్న వచ్చిందారా, నెట్‌ల చూడు" అన్నాడు. ఇంకా రాలేదని చెప్పాను. సరేలే అని, ఈ యాసంగికి కౌలు మూడెకరాలు ఇడిచిపెట్టినా అన్నాడు.